మెట్లెక్కిన గడియారం

పోయిన శ్రావణంలో ఒక సోమవారం పొద్దున తొమ్మిది దాటాక నాకు మొదటిసారి చావు భయం వేసింది. చేతిలో ఇడ్లీ ముక్క ఉంది. పళ్లెం పక్కన పెట్టుకున్న ఫోన్ గుర్రుమంది. ఎవరో పంపిన శుభోదయం పువ్వులనుకుని చూశాను. గుండె లయ తప్పుతున్నట్టు కనిపిస్తోందనీ, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవమనీ ఇంగ్లీషులో రెండు వాక్యాలు ఉన్నాయి. పక్కన ఎర్రటి చిన్న గుండె బొమ్మ.

“ఏమండీ, పచ్చడి వెయ్యనా?” అని వంటింట్లోంచి నా భార్య అడిగింది. వద్దన్నాను. ఎడమ చేతికి ఉన్న గడియారం వైపు చూశాను. దాని అడుగున పచ్చలైటు మిణుకుమిణుకుమంటోంది. మెడ పక్కన రెండు వేళ్లు పెట్టుకుంటే గుండె పరుగు పెడుతోంది. జబ్బు వల్ల పరుగు పెడుతోందో, ఫోన్‌లో చదివినదానికి పరుగు పెడుతోందో తెలియలేదు. ఇడ్లీ ముక్క పళ్లెంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాను.

ఆ గడియారం మా అమ్మాయి కొనిచ్చింది. రక్తపరీక్షలో నా షుగరు గీత మీద నిలబడి ఉందని తేలిన వారంలోనే మియాపూర్ నుంచి మెట్రో ఎక్కి వచ్చింది. నా పాత కీ గడియారం విప్పించి, దీన్ని కట్టి, రోజుకు ఎనిమిది వేల అడుగులని ఆజ్ఞాపించి వెళ్లింది. గడియారమని పేరే గానీ టైము చూపించడం దీని పనుల్లో ఆఖరిది. ఎన్ని అడుగులు వేశామో, ఎన్ని అంతస్తులు ఎక్కామో లెక్కపెడుతుంది. ఎంతసేపు నిద్రపోయామో చూసి పొద్దున్నే మార్కులు వేస్తుంది. గంటసేపు కూర్చుంటే లేవమని చేతిని గిల్లుతుంది. మా చిక్కడపల్లిలో ఇప్పుడు ఇది లేని చెయ్యి తక్కువ. వంకాయలు ఏరుతూ మణికట్టుతో మాట్లాడేవాళ్లున్నారు. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు దీన్ని చూసుకుంటూ మాదిరి ప్రశ్నపత్రాలు రాస్తారు. పార్కులో నాతోటి రిటైరైనవాళ్లు నమస్కారానికి బదులు చెయ్యెత్తి “ఎంతయింది?” అని పలకరించుకుంటారు. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, నా చేతిమీద పడ్డ అడుగులూ అంతస్తులూ మియాపూర్‌లో మా అమ్మాయి ఫోన్‌లో కనిపిస్తాయి.

“నాన్నా, నిన్న పన్నెండొందలే. ఇంట్లో ఈ గదికీ ఆ గదికీ తిరిగినా అంతకన్నా ఎక్కువొస్తాయి. మంచం దిగావా అసలు?” అని రోజూ ఫోన్ చేసేది.

నా కుడి మోకాలు సహకరించడం లేదని ఆమెకు చెప్పలేదు. చెబితే ఆపరేషను అంటుంది. నారాయణగూడలో ఒక కాలేజీలో ముప్పయ్యొక్క ఏళ్లు ఫిజిక్స్ ల్యాబులో నిలబడి పాఠం చెప్పిన మోకాలది. కత్తి అంటే నాకు భయం. కూతురు తిట్టడమన్నా భయమే. ఈ రెండు భయాల మధ్య నాకొక దొంగ ఉపాయం తట్టింది.

మా అపార్ట్‌మెంటు మెట్లు ఊడ్చి తుడిచే ఆమెది మహబూబ్‌నగర్ వైపు ఊరు. నలభై ఏళ్లుంటాయేమో. భర్త కట్టుబడి పనికి వెళ్తాడు, కవాడిగూడ బస్తీలో కాపురం. పొద్దున ఆరున్నరకు మా మెట్లతో మొదలుపెట్టి, అశోక్‌నగర్‌లో ఇంకో రెండు అపార్ట్‌మెంట్లు ముగించుకుని, తొమ్మిదింటికి మా సందులోంచే తిరిగి వెళ్తుంది. ఒక్కోటీ ఐదంతస్తులు. లిఫ్టులున్నా ఊడ్చేది మెట్లే కదా. ఒకరోజు పార్కింగు దగ్గర ఆమెను ఆపి గడియారం విప్పి ఇచ్చాను.

“గిదేంది సారూ, నాకెందుకు?” అంది.

“ఊరికే కట్టుకో. పోయేటప్పుడు ఇచ్చెయ్. నువ్వు నడిచిందంతా నా లెక్కలో పడుతుంది.”

“నేనూడిస్తే మీ లెక్కల పడ్తదా? భలే ఉన్నది సారూ!” అని నవ్వి, గాజులు వెనక్కి తోసుకుని కట్టుకుంది. చెయ్యి తిప్పి చూసి, “ఈ పచ్చలైటేంది?” అని అడిగింది.

ఎవరైనా ప్రశ్న వేస్తే నేను ఊరుకోలేను. రక్తం పచ్చ వెలుగును మింగేస్తుందనీ, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి రక్తం వస్తుందనీ, అప్పుడు తిరిగొచ్చే వెలుగు తగ్గుతుందనీ, దాన్నిబట్టి గుండె చప్పుళ్లు లెక్కకడుతుందనీ, మెట్టు మీద నిలబడి పది నిమిషాలు పాఠం చెప్పాను. ఏదైనా తేడా వస్తే నా ఒక్కడి ఫోన్‌కే కబురు వస్తుందని కూడా చెప్పాను.

“నా గుండెది గూడ చెప్తదా?”

“ఎవరు కట్టుకుంటే వాళ్లది చెబుతుంది” అన్నాను. ఈ మాట వేరెవరూ అనలేదు. నా నోటితోనే అన్నాను.

మర్నాటి నుంచి నా అడుగులు పదకొండు వేలు. “నాన్నా, పదిహేను అంతస్తులెక్కావా! నా బంగారం!” అని అమ్మాయి మురిసిపోయింది. ఏదో, మెల్లిగా, అన్నాను. ఆ రెండున్నర గంటలూ నేను బాల్కనీలో కాలు చాపుకుని, ఖాళీ చేత్తో కాఫీ తాగుతూ పేపరు చదువుకునేవాణ్ణి. నా భార్యకు అది పూజ వేళ కాబట్టి ఆమెకూ తెలియదు. తొమ్మిదింటికి మెట్లు ఊడ్చే ఆమె వచ్చి, గడియారం విప్పి, కొంగుతో తుడిచి ఇచ్చేది. ఇస్తూ రోజూ అడిగేది, “ఏమన్న చెప్పిందా సారూ?”

“అంతా బాగుంది” అనేవాణ్ణి, అడుగులు ఎన్నయ్యాయో చూసుకుంటూ.

ఇదిగో, అలా మూడు వారాలు గడిచాక వచ్చింది ఆ సోమవారం హెచ్చరిక. గురువారం ఇంకొకటి. ఆ పై వారం మూడు రోజులు వరసగా. ఎప్పుడు వచ్చినా తొమ్మిది దాటాకే, గడియారం నా చేతికి కట్టుకున్న కాసేపటికే. పొద్దున్నే ఏదో జరుగుతోంది నాకు, టిఫిన్ తింటే గుండె తట్టుకోలేకపోతోంది అనుకున్నాను. ఇడ్లీలు నాలుగు నుంచి రెండుకు దించాను. ఎడమవైపు తిరిగి పడుకోవడం మానేశాను. స్నానానికి వెళ్లినప్పుడు గడియ వేసుకోవడం మానేశాను, లోపల పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వస్తుందని.

“చంటిపిల్లాడిలా ఆ తలుపు తీసిపెట్టుకుని స్నానమేంటండీ?” అని నా భార్య విసుక్కుంది. కార్తీకంలో ఎవరింటికి వనభోజనానికి వెళ్లాలో చెబుతుంటే, అప్పటికి ఈమె ఒక్కతే వెళ్తుందేమో అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయలు కోస్తోంది కాబట్టి బతికిపోయాను. ఆమెకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. అమ్మాయికి అసలే చెప్పలేదు. చెబితే గడియారం తీసి చూస్తుంది, చూస్తే నా దొంగతనం బయటపడుతుంది. అంత భయంలో కూడా మనిషికి పరువు ఎందుకు గుర్తొస్తుందో తెలియదు గానీ, నాకు గుర్తొచ్చింది.

చివరికి పాత స్నేహితులను చూసొస్తానని చెప్పి నారాయణగూడలో ఒక గుండె డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లాను. ఈసీజీ తీశారు. గుండెను తెరమీద చూశారు. ఒక శనివారం సాయంత్రం ఛాతీకి వైర్లు అంటించి, ఆదివారమంతా ఉంచుకోమన్నారు. వైర్లు చూసి నా భార్య కంగారుపడితే, ఈ వయసులో అందరికీ చేసే పరీక్షేనని అబద్ధమాడాను. ఆదివారం మెట్ల పని ఉండదు. గడియారం రోజంతా నా చేతికే ఉంది. ఆ రోజు ఏ హెచ్చరికా రాలేదు. ఇది కూడా నాకు ఏమీ చెప్పలేదు.

“సార్, మీ గుండె నా గుండెకన్నా బాగుంది” అన్నాడు డాక్టరు. మా అమ్మాయి వయసువాడు. “పట్టీ వదులుగా ఉన్నా, చెమట పట్టినా ఇవి ఒక్కోసారి తప్పు చెబుతాయి. మీరు భయపడి భయపడి నిజంగానే ఏదైనా తెచ్చుకునేలా ఉన్నారు. అంత భయమైతే ఆ హెచ్చరిక ఆపేసుకోండి.”

రోజూ రెండున్నర గంటలు ఈ గడియారం ఇంకొకరి చేతికి ఉంటుందని ఆయనకు చెప్పాలి. చెప్పలేదు. సిగ్గేసింది.

చౌరస్తా దాకా నడిచొచ్చి, బండి పక్కన నిలబడి, వేడివేడి మిరపకాయ బజ్జీ తింటూ హెచ్చరిక ఆపేశాను. ప్రాణం లేచొచ్చింది. ఇంకో బజ్జీ అడిగాను.

తర్వాత పది రోజులు నా అంత సుఖంగా ఎవరూ ఉండి ఉండరు. మళ్లీ నాలుగిడ్లీలు తిన్నాను. స్నానానికి గడియ వేసుకున్నాను. ఆ పది రోజుల్లోనే ఒక పొద్దున ఆమె గడియారం ఇవ్వడానికి వచ్చి, గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

“ఈ నడుమ జర ఎక్కువనే దమ్మొస్తుంది సారూ. ఏమన్న చెప్పిందా?”

“వానాకాలం కదా, అలాగే ఉంటుంది. అంతా బాగుంది” అన్నాను. పది వేల తొమ్మిది వందల అడుగులు పడ్డాయి ఆ రోజు.

ఆ తర్వాతి గురువారం తొమ్మిదింటికి ఆమె రాలేదు. తొమ్మిదింబావు అయింది, తొమ్మిదిన్నర అయింది. నిజం చెబుతున్నాను, మొదట నాకు కలిగిన భయం గడియారం గురించే. ఎక్కడో పారేసుకుందేమో, అమ్మాయికి ఏం చెప్పాలా అని. అది ఎక్కడుందో ఫోన్‌లో తెలుస్తుందేమోనని అటూ ఇటూ నొక్కుతుంటే పాత హెచ్చరికల జాబితా తెరుచుకుంది. ఆపేశాననుకున్నాను గానీ, నేను ఆపింది మోత ఒక్కటే. లెక్క అది రాసుకుంటూనే ఉంది. నేను బజ్జీలు తిన్న రోజు తర్వాత కూడా ఏడు హెచ్చరికలున్నాయి. ఒక్కోదాని పక్కన అది జరిగిన సమయం ఉంది.

ఏడూ పది. ఎనిమిదీ ఐదు. ఏడూ నలభై. ఎనిమిదీ ఇరవై.

ఏ ఒక్కటీ తొమ్మిది తర్వాత లేదు. ఫోన్‌కు దూరంగా ఉన్నంతసేపూ గడియారం తనలోనే రాసుకుంటుంది. దగ్గరికి వచ్చాక ఫోన్‌కు అప్పగిస్తుంది. ఆమె తెచ్చి ఇచ్చేది తొమ్మిదింటికి, ఫోన్ మోగేది తొమ్మిదింటికి. జరిగింది మాత్రం ఏడింటికీ ఎనిమిదింటికీ. అప్పుడు నేను ఖాళీ చేత్తో కాఫీ తాగుతున్నాను.

టైము గడి ఖాళీగా ఉన్న రికార్డు పుస్తకం మీద ముప్పయ్యొక్క ఏళ్లలో ఒక్క సంతకం పెట్టలేదు నేను. రీడింగు ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అని అడిగి ఎంతమంది పిల్లల్ని ల్యాబు బయట నిలబెట్టానో లెక్కలేదు.  కుర్చీ చేతులు పట్టుకుని లేచాను.

ఆమె నంబరు నా దగ్గర లేదు. ఐదేళ్లుగా మా మెట్లు ఊడుస్తోంది, నంబరు లేదు. కిందికి దిగి వాచ్‌మన్‌ను అడిగితే అతను ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఆమె ఊడ్చే ఆ రెండు అపార్ట్‌మెంట్లు ఎక్కడో అతన్నే అడిగి తెలుసుకున్నాను. “టిఫిన్ చేసి వెళ్లండి!” అని బాల్కనీలోంచి నా భార్య పిలుస్తోంది. వెనక్కి చూడకుండా నడిచాను.

మెయిన్ రోడ్డు దాటి అశోక్‌నగర్ సందుల్లో పడ్డాను. జిరాక్సు షాపుల ముందు, టిఫిన్ బండ్ల చుట్టూ పిల్లలు గుంపులుగా ఉన్నారు. వాళ్లను తోసుకుంటూ పోతున్నాను. మోకాలు సూదులతో పొడిచినట్టుంది. మొదటి అపార్ట్‌మెంటు వాచ్‌మన్, “ఈడ అయిపోయింది సార్, అటు పోయింది” అన్నాడు. రెండో దాంట్లో గేటు దగ్గర ఎవరూ లేరు. మెట్లు చూశాను. పొడిగా, దుమ్ముగా ఉన్నాయి. మెట్లు పైనుంచి కిందికి ఊడ్చుకుంటూ వస్తారు. కింద దుమ్ముందంటే ఇంకా పైనే ఉందన్నమాట. లిఫ్టులో పోతే మధ్యలో ఉన్న మనిషి కనబడదు. ఎక్కడం మొదలుపెట్టాను.

మొదటి అంతస్తు దుమ్ము. రెండో అంతస్తు దుమ్ము. మూడో అంతస్తులో ఎవరింట్లోనో టీవీ గట్టిగా మోగుతోంది, అక్కడా దుమ్మే. దేవుడా, దేవుడా అని పైకే అంటున్నాను. నాలుగో అంతస్తు దాటాక మెట్టు తడిగా తగిలింది. తలెత్తితే ఆమె మలుపులో కూర్చుని ఉంది. తల గోడకు ఆనించి ఉంది. పక్కన బకెట్టు, గుడ్డ. పెదవులు నల్లగా కమిలినట్టున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

నన్ను చూసి లేవబోయింది. చేతకాలేదు. “జర లేటయింది సారూ... గడియారం ఇస్త” అని పట్టీ విప్పుకోబోయింది.

“వద్దమ్మా, వద్దు, ఉంచుకో” అని ఆమె మణికట్టు పట్టుకున్నాను. లోలకం ఊగడాన్ని లెక్కపెడుతూ బతికినవాణ్ణి. నా వేళ్లకు ఒక లయ అలవాటు. ఆ నాడిలో లయ లేదు. రెండు గబగబా, తర్వాత ఏమీ లేదు, తర్వాత ఒకటి, మళ్లీ మూడు. ఆ ఏమీ లేనప్పుడల్లా నా ఊపిరి ఆగిపోయింది.

తలుపులు బాదాను. మూడో అంతస్తు టీవీవాళ్లబ్బాయి సాయం పట్టాడు. లిఫ్టులో దించి, ఆటోలో నారాయణగూడలో ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. ఆటోలో ఆమె తల నా భుజం మీద వాలింది. కళ్లు మూసినప్పుడల్లా పిలిచాను. పలికింది.

డాక్టరు చాలాసేపు గుండె విన్నాడు. సూది మందు ఇచ్చాడు. చిన్నప్పుడు జ్వరంతో కీళ్లు వాచాయా అని అడిగాడు.

“అవ్ సారూ. మోకాళ్లు ఇంత లావు ఉబ్బి మంచం పట్టిన. ఎన్కట.”

ఆ జ్వరమే గుండె కవాటాన్ని పాడుచేసిందని ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఏళ్ల తరబడి అది సన్నబడుతూ వచ్చిందట. ఇప్పుడు లయ కూడా తప్పింది కాబట్టి లోపల రక్తం గడ్డకట్టవచ్చనీ, ఆ గడ్డ ఏ రోజైనా మెదడుకు పోవచ్చనీ అన్నాడు. “ఎన్నాళ్లుగా ఇలా ఉందో తెలిస్తే బాగుండేది” అన్నాడు. ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాను. నన్ను గుర్తుపట్టాడు. జాబితా పై నుంచి కింది దాకా చూశాడు.

“ఇవి ఆమెవా సార్?”

“ఆమెవే.”

ఆయన ఫోన్ తిరిగిచ్చాడు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి ఉత్తరం రాసి, అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

ఆమె బతికింది. ముందే చెప్పేస్తున్నాను. తొడ దగ్గరి నరంలోంచి బెలూను పంపి కవాటాన్ని వెడల్పు చేశారు. ఇప్పుడు దోమలగూడలో ఒక హాస్టల్లో కూర్చుని కూరలు తరిగే పని చేస్తోంది. రోజూ మాత్రలు వేసుకుంటుంది. నేను ఇంట్లో అంతా చెప్పేశాను. నా భార్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మాయి ఫోన్‌లో విని, “నాన్నా...” అని ఆగిపోయి, పెట్టేసింది. మెట్ల మీద దుమ్ము చూస్తే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. మా మెట్లు ఇప్పుడు ఊడ్చే మనిషి కాస్త ఆలస్యంగా వచ్చిన రోజు గేటు దగ్గరికి పోయి నిలబడతాను.

ఆ రోజు అంబులెన్సు కోసం చూస్తూ డాక్టరు గదిలో ఉన్నప్పటి మాట ఒకటి మిగిలింది. ఆమెకు కాస్త ఊపిరి అందుతోంది. గడియారం ఇంకా చేతికే ఉంది. నా మొహం చూసి, నేనే జబ్బుపడ్డట్టు నాకు ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది.

“భయపడకుండ్రి సారూ. నాకైతే భయం కాలే. దవాఖానకు పోదాం పా అని మా ఆయన నెల సంది అంటనే ఉన్నడు. ఎందుకయ్యా, చేతికి గడియారం ఉన్నది, తేడా ఉంటే సారు ఫోన్ల పడ్తది, సారు రోజు చూసి మంచిగున్నదనే చెప్తుండు అన్న. అందుకే పోలె.”

ఇక దాచలేకపోయాను. చెప్పిందమ్మా, గడియారం చాలాసార్లు చెప్పింది, నా గుండె గురించి చెబుతోందనుకున్నాను, నాకు పరీక్షలు చేయించుకున్నాను, నాకేమీ లేదని తెలిశాక ఆపేశాను అన్నాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఆమెకు అర్థమైందో లేదో అని మళ్లీ చెప్పబోయాను.

అర్థమైంది. చేతికున్న పచ్చలైటు వైపు కాసేపు చూసింది.

“నేను రోజు అడిగిన గద సారూ” అంది.

కోపంగా అనలేదు. బయట అంబులెన్సు మోత వినిపించింది. నేను ఆమె చెప్పులు వెతికి పట్టుకుని వెనకాలే నడిచాను.